టర్బో అనుకున్నది

మూడు వారాలు అందరికీ వినిపించిన దాన్ని.

కారు నా కంటే ముందు ముగ్గురిది.
డ్రైవర్ డోర్ ఒక్కటే వేరే తెలుపు.
గాలి పీల్చే గొట్టం మార్చిన,
ఇంటర్‌కూలర్ పెద్దది వేయించిన,
బోయిన్‌పల్లిల ఒక పిల్లగాడు లాప్‌టాప్ తగిలించి
దాని బుద్ధి మార్చిండు.
జీతం మూడో తారీఖుకే పలచబడ్డది.
అయినా ఆగలే.
గుజరాతీ గల్లీల ఎండల నిలబడి బేరమాడి
ఆంప్లిఫయర్ తెచ్చి, డిక్కీల నేనే బిగించి,
కార్పెట్ కింద వైర్లు నేనే పరిచిన.

ఆ సాయంత్రమే మొదలైంది విజిల్.
కాలు బరువైతే సన్నగ లేస్తది,
కాలు తీస్తే కిందికి జారుతది.
కోఠి సిగ్నల్ కాడ దోమ లెక్క,
ఔటర్ ఎక్కినంక సన్నాయి లెక్క.

"విన్నవా? టర్బో."
పెట్రోలు పోసేటాయనకు చెప్పిన.
లిఫ్టుల కలిసిన మేనేజరుకు నోటితోని ఊది చూపించిన.
బామ్మర్ది ఓంకార్ కండ్లు మూసుకొని విన్నడు,
"ఇమానం లెక్కుంది బావా" అన్నడు.
నా భార్య స్వరూప ఒక్కతే
"పాటల కూడా అదే ఉంది గదా" అన్నది.
టర్బోకు గంత బలముంటది మరి, అన్న నేను.

మూసారంబాగ్‌ల, రెండు పంక్చర్ కొట్ల నడుమ
మైసయ్య దుకాణం.
నేను పోయింది హారన్ పలకక.
పోయినోణ్ని ఊకోక
ఇంజను రేజు చేసి ఆయన మొకం చూసిన.

మైసయ్య మెచ్చుకోలే.
నల్లటి వేలొకటి లోపలికి చాపి
స్టీరియో ఆర్పిండు.

ఇంజను నడుస్తనే ఉంది.
టర్బో తిరుగుతనే ఉంది.
విజిల్ లేదు.

మళ్ల పెట్టిండు. ఉంది.
మళ్ల ఆర్పిండు.
నాకు చెవులు వేడెక్కినయ్.

"టర్బో గాదు తమ్మీ. డైనమో ఏడుపు.
స్పీకర్లల్లకెళ్లి ఏడుస్తుంది."

సీటు పీకిండు. కార్పెట్ లేపిండు.
పల్లికాయ పొట్టు, అర్ధరూపాయి,
పాత ఓనరు బిడ్డదేమో, చిన్న చెప్పు ఒక్కటి.
దాని పక్కన నేను బిగించిన ఎర్తు వైరు,
నిగనిగలాడే రంగు మీద.

"రంగుకు కరెంటు తెలుస్తదా?
ఇనుముకు ఇనుము తగలాలె."
ఇసుక కాగితంతోని గీకుతనే ఉన్నడు
రూపాయి బిళ్లంత ఉక్కు తెల్లగ బయటపడేదాక.
నేను కొత్త కారు తీరు మెరిపించిన రంగు
ఆయన గోర్లల్లకు పోయింది.

తర్వాత వైర్లు చూసి నవ్విండు.
బ్యాటరీ వైరు, పాట వైరు
ఒక్క పక్క మీద పండవెట్టిన నేను.
"ఒకని గురక ఇంకొకనికి ఎక్కదా?"
ఒకటి ఎడమకు, ఒకటి కుడికి.
మూడు వందల యాభై.
హారన్‌కు పైసలు తీసుకోలే.

ఆ రాత్రి నార్సింగి దాటినంక
స్టీరియో బందువెట్టి, అద్దం దించి,
మొదటిసారి దాన్ని విన్న.
అసలు టర్బో
సాసర్‌ల పోసిన చాయ్ మీద
ఎవరో మెల్లగ ఊదినట్టుంది.
గంతే.
లక్షన్నర పెట్టింది గీ ఊపిరికా అనుకున్న,
మళ్ల టోల్ గేటు దాక
కాలు తియ్యబుద్ధి కాలే.

ఇప్పుడు పాటల తబలా మీద వేలు జారుడు కూడ ఇనవడ్తది.
స్వరూప ఏమీ అనలే.
అననందుకు ఇంకింత సిగ్గయింది.

ఆదివారం ఓంకార్ ఎక్కిండు,
మెహిదీపట్నం దాకనన్న ఓపిక పట్టలే.
"టర్బో పోయిందా బావా?"

ఉంది, అద్దం దించు, అన్న.
దించిండు.
పక్కన ఇసుక లారీ.
అది పోయినంక విను, అన్న.
అది పోయింది.
దాని ఎన్క ఇంకోటి.